లిపిడ్ రిపోర్టును (రక్తంలో కొవ్వుల పరీక్ష) వయసుతో కలిపి చదవడం ఎలా?

10–12 గంటలు పరగడుపున ఉండి రక్తం ఇవ్వండి, మంచినీళ్లు తాగొచ్చు. ముందు రోజు మద్యం వద్దు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) పెరుగుతాయి. పెద్ద ఇన్‌ఫెక్షనో ఆపరేషనో అయితే కొన్ని వారాలు ఆగండి. ఒంట్లో బాగాలేనప్పుడు ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

రిపోర్టు రాగానే మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అనేది) తీసేయండి. మిగిలింది నాన్ హెచ్‌డీఎల్, అంటే రక్తనాళాల గోడల్లో పేరుకునే కొవ్వంతా. ఇద్దరికీ మొత్తం 220 అనుకోండి. ఒకరికి హెచ్‌డీఎల్ 70, ట్రైగ్లిజరైడ్లు 100. ఇంకొకరికి హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లు 250. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగించి నాన్ హెచ్‌డీఎల్‌లోంచి తీసేసే ఫార్ములాతో ఎల్‌డీఎల్ ఇద్దరికీ 130 వస్తుంది. నాన్ హెచ్‌డీఎల్ మాత్రం మొదటివారికి 150, రెండోవారికి 180. తేడా బయటపడేది ఇక్కడే. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ ఫార్ములా పనికిరాదు, ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిపించాలి.

‘రేషియో (మొత్తం కొలెస్ట్రాల్‌ను హెచ్‌డీఎల్‌తో భాగిస్తే వచ్చేది) బాగుంది’ అని ఊరుకోవడం నేను ఒప్పుకోను. హెచ్‌డీఎల్ ఎక్కువుంటే రేషియో అందంగా కనిపిస్తుంది, ఎల్‌డీఎల్ చేసే నష్టం మాత్రం ఆగదు. హెచ్‌డీఎల్‌ను పెంచే మందులు తయారుచేసి చూశారు, అది పెరిగినంత మాత్రాన గుండెపోట్లు తగ్గలేదు.

అసలు తప్పులన్నీ జరిగేది వయసు దగ్గరే. రిపోర్టులో ‘నార్మల్’ అని అచ్చేసిన గడికి మీ వయసు తెలియదు. రానున్న పదేళ్లలో గుండెపోటు, పక్షవాతం ముప్పు చెప్పే లెక్కల్లో అన్నిటికంటే బరువైనది వయసే. అందుకే 30 ఏళ్ల మనిషికి ఎల్‌డీఎల్ 160 ఉన్నా ముప్పు చాలా తక్కువ శాతమే వస్తుంది. అది చూసి నిశ్చింతగా ఉండకండి. కొవ్వు పేరుకోవడం ఏళ్ల లెక్కన సాగుతుంది: అదే 160 ఇంకో ముప్పై ఏళ్లు కొనసాగితే ఏమవుతుందన్నది ఆ శాతంలో లేదు. 40 లోపువాళ్లు డాక్టర్‌ని జీవితకాలపు ముప్పు అడగాలి.

ఎల్‌డీఎల్ 190 దాటితే ఏ వయసులోనైనా శాతాల లెక్క పక్కనపెట్టి డాక్టర్ని కలవండి. అది వంశపారంపర్యం కావచ్చు. అలాగని తేలితే తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్ష చేయించాలి.

40–75 మధ్య బీపీ, షుగరు, పొగతాగే అలవాటు కలిపి ఈ పదేళ్ల ముప్పు లెక్కవేయండి. ఇదివరకే గుండెపోటు వచ్చినవారికి ఈ లెక్క వర్తించదు, వాళ్లది ఎలాగూ ఎక్కువ ముప్పే. ముట్లుడిగాక ఆడవాళ్లలో ఎల్‌డీఎల్ పెరుగుతుంది కాబట్టి అంతకుముందు రిపోర్టు చెల్లిపోయినట్టే, మళ్లీ చేయించండి.

75 దాటాక వయసొక్కటే శాతాన్ని పైకి నెట్టేస్తుంది. ఇక్కడ కొలెస్ట్రాల్ మాత్రల సంగతి మిగతా జబ్బులు, ఓపిక చూసి తేల్చాలి. మందు లేకుండానే కొలెస్ట్రాల్ పడిపోతూ, బరువూ తగ్గుతుంటే సంబరపడకండి, కారణం వెతికించండి.

స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మొదలుపెడితే 4–12 వారాల్లో మళ్లీ పరీక్ష చేయించాలి. అంకె దిగిందని మాత్ర మానేస్తే కొన్ని వారాల్లోనే పాత చోటికి ఎక్కేస్తుంది.