విమాన ప్రమాదాన్ని, త్రుటిలో ప్రమాదం తప్పిన ఘటనను ఏఏఐబీకి తెలియజేసే విధానం

మన దేశంలో పౌర విమానానికి ప్రమాదం జరిగినా, వెంట్రుకవాసిలో ప్రమాదం తప్పినా ఆ సంగతిని రెండు కార్యాలయాలకు తెలియజేయడం నియమాలు విధించిన బాధ్యత. మొదటిది విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ అయిన ఏఏఐబీ, రెండవది పౌర విమానయాన నియంత్రణ సంస్థ అయిన డీజీసీఏ. విమానాలకు అనుమతులిచ్చి తనిఖీ చేసే సంస్థే వాటి ప్రమాదాలపై విచారణ జరపడం సరికాదన్న అంతర్జాతీయ సూత్రానికి అనుగుణంగా 2012 జూలై 30న ఏఏఐబీని విడిగా ఏర్పాటు చేశారు. దీని కార్యాలయం ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం వద్ద ఉన్న ఉడాన్ భవన్‌లో ఉంది. ఇక్కడ వివరిస్తున్న విధానానికి ఆధారం 2017 నాటి విమాన ప్రమాదాలు, ఘటనల దర్యాప్తు నియమావళి.

సమాచారం ఇవ్వవలసిన మొదటి వ్యక్తి ఆ విమానానికి బాధ్యుడైన పైలట్. ఆయన మరణించినా, చెప్పగలిగే స్థితిలో లేకపోయినా ఆ బాధ్యత విమాన యజమానికి, దానిని నడిపే సంస్థకు లేదా అద్దెకు తీసుకున్నవారికి చేరుతుంది. సందర్భాన్ని బట్టి విమానాశ్రయ నిర్వాహకులకూ ఈ బాధ్యత ఉంటుంది. ఘటన గురించి తెలిసిన వెంటనే, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా, అందుబాటులో ఉన్న అత్యంత వేగవంతమైన మార్గంలో ఏఏఐబీకి, డీజీసీఏకి కబురు అందించాలి. ప్రమాదం దేశంలోనే జరిగితే జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు, సమీప పోలీస్ స్టేషన్ అధికారికి కూడా ప్రమాదం సంగతి, అది జరిగిన చోటు తెలియజేయాలి. 24 గంటలు అన్నది గరిష్ఠ గడువు మాత్రమే కనుక, గడువు ఇంకా ఉంది కదా అని సాయంత్రం దాకా ఆగడం నియమం ఉద్దేశానికే విరుద్ధం.

ఏది ప్రమాదం, ఏది కాదు అన్న దగ్గరే చాలామంది తడబడతారు. ప్రయాణించే ఉద్దేశంతో మొదటి వ్యక్తి విమానం ఎక్కినప్పటి నుంచి చివరి వ్యక్తి దిగేవరకు మధ్య కాలంలో ఎవరైనా మరణించినా, తీవ్రంగా గాయపడినా, విమానం నిర్మాణానికి పెద్ద నష్టం వాటిల్లినా, విమానం ఆచూకీ తెలియకుండా పోయినా అది ప్రమాదం. ఎముక విరిగితే అది తీవ్ర గాయమే, అయితే వేళ్లు లేదా ముక్కు ఎముక మామూలుగా చిట్లడం ఆ లెక్కలోకి రాదు. గాయపడిన నాటి నుంచి 7 రోజుల లోపు ఆస్పత్రిలో చేరి 48 గంటలకు పైగా ఉండవలసి వచ్చినా తీవ్ర గాయంగానే పరిగణిస్తారు. సహజ కారణాలతో సంభవించిన మరణం ఇందులోకి రాదు. అలాగే నష్టం ఒక్క ఇంజిన్‌కే పరిమితమైనా, టైర్లు, బ్రేకులు, రెక్కల కొసలు మాత్రమే దెబ్బతిన్నా దానిని ప్రమాదంగా లెక్కించరు.

ప్రమాదం కాకపోయినా, ప్రమాదం జరిగే అవకాశం బలంగా ఉండిన ఘటనను తీవ్ర ఘటన అంటారు. రెండు విమానాలు ఢీకొనబోయి చివరి క్షణంలో పక్కకు తప్పుకోవడం, క్యాబిన్‌లో మంటలు లేదా పొగ, అత్యవసర పరిస్థితి ప్రకటించవలసినంతగా ఇంధనం తగ్గిపోవడం, రన్‌వే దాటి ముందుకు దూసుకుపోవడం, గాలిలో ఉండగా పైలట్ స్పృహ తప్పడం వంటివి ఈ కోవలోకి వస్తాయి. ఎవరికీ గీత పడలేదు కదా అని వీటిని తమలోనే సర్దుకోవడం నా దృష్టిలో అతి ప్రమాదకరమైన అలవాటు. ప్రాణం పోకముందే లోపం బయటపడే అవకాశం ఈ ఘటనల్లోనే ఉంది.

పంపే వర్తమానంలో, అంటే ఆ కబురులో, ఏముండాలి అన్నది నియమాలు స్పష్టంగానే చెప్పాయి. విమానం రకం, ఏ దేశంలో నమోదైంది, రిజిస్ట్రేషన్ గుర్తు, యజమాని, నడిపే సంస్థ, పైలట్ పేరు, సిబ్బంది, ప్రయాణికులు ఏ దేశస్థులు, విమానంలో ఎందరున్నారు, ఎందరు మరణించారు, ఎందరికి తీవ్ర గాయాలయ్యాయి, ఎంత నష్టం జరిగింది అన్నవి రాయాలి. ప్రమాదకరమైన సరుకు ఏదైనా రవాణా అవుతుంటే ఆ సంగతిని తప్పక చేర్చాలి, ఎందుకంటే శకలాల వద్దకు ముందుగా వెళ్లే అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు దానిపై ఆధారపడి ఉంటాయి.

సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతా ఒకటిగా లెక్కించే ప్రామాణిక సమయంలో, ఇవ్వాలి. మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఉదయం 10:40కి జరిగినదాన్ని 05:10 యూటీసీ అని రాస్తే సరిపోతుంది గానీ, తెల్లవారుజామున 4 గంటలకు జరిగితే యూటీసీ ప్రకారం అది ముందురోజు 22:30 అవుతుంది, అంటే తేదీ కూడా మార్చి రాయాలి. కంగారులో సమయం మార్చి తేదీని అలాగే వదిలేస్తే నివేదికలో ఘటన ఒక రోజు పక్కకు జరిగిపోతుంది.

స్థలం విషయంలో అక్షాంశ రేఖాంశాలతో పాటు అందరూ సులువుగా గుర్తుపట్టగల ఊరు, చెరువు, కొండ వంటి ఆనవాలు ఇవ్వాలి. అక్కడికి చేరుకోవడంలో ఉన్న ఇబ్బందులనూ చెప్పాలి. విమానం చివరిగా బయలుదేరిన చోటు, దిగవలసిన చోటు అడగడం వెనుకా బలమైన కారణం ఉంది. 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టర్ నల్లమలలో గల్లంతైతే, పావురాలగుట్ట వద్ద దాని శకలాలు మరుసటి రోజు గానీ కనబడలేదు. అలాంటి అడవిలో గాలింపు ఎటునుంచి మొదలుపెట్టాలో తేల్చేవి ఈ చిన్న వివరాలే.

ఇవన్నీ ఒకేసారి దొరకవు. దొరికిన వివరాలతో ముందు కబురు పంపి, మిగిలినవి తెలిసిన కొద్దీ పంపాలి. వివరాలు పూర్తి కాలేదన్న కారణంతో వర్తమానాన్ని ఆపకూడదన్నది అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం 13వ అనుబంధంలోనే ఉంది.

కబురు పంపడం ఎంత ముఖ్యమో, సాక్ష్యాన్ని చెదరనివ్వకుండా కాపాడటమూ అంతే ముఖ్యం. అనుమతి లేకుండా శకలాలను కదపకూడదు. మనుషులను, పశువులను బయటకు తీయడానికి, మంటల్లో కాలిపోకుండా కాపాడటానికి, ప్రజలకు ఆపద లేదా అడ్డంకి కలగకుండా చూడటానికి అవసరమైనంత మేరకు కదపవచ్చు. కాబట్టి పొలంలో పనిచేసుకుంటున్నవారి ఎదుటే విమానం కూలితే ప్రాణాలు కాపాడటానికి ఎవరూ సంకోచించనవసరం లేదు. 112కు ఫోన్ చేసి, చేయగలిగిన సహాయం చేసి, ఆ తరువాత శకలాల్లో ఏ ముక్కనూ జ్ఞాపికగా తీసుకుపోకుండా దూరంగా ఉంటే చాలు. విమానం క్షేమంగా దిగిన తీవ్ర ఘటనల్లో మరో జాగ్రత్త ఉంది. పైలట్ల గదిలోని మాటలను, శబ్దాలను నమోదు చేసే కాక్‌పిట్ వాయిస్ రికార్డర్ చాలా విమానాల్లో చివరి 2 గంటల మాటలనే నిలుపుకుంటుంది. విద్యుత్ సరఫరా కొనసాగుతూ ఉంటే కొత్త శబ్దాలు పాతవాటి మీద పడి అసలు సాక్ష్యం చెరిగిపోతుంది. అందుచేత దిగిన వెంటనే దానికి విద్యుత్ ఆపించడం నడిపే సంస్థ చేయవలసిన మొదటి పని.

వాయుసేన విమానాలు ఈ విధానంలోకి రావు. 2023 డిసెంబర్ 4న దుండిగల్ నుంచి బయలుదేరి మెదక్ జిల్లా తూప్రాన్ వద్ద కూలిన శిక్షణ విమానం వంటి వాటిపై వాయుసేనే విచారణ జరుపుతుంది. పొలాల్లో మందు చల్లే డ్రోన్లకు 2021 నాటి డ్రోన్ నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రమాదాన్ని నడిపిన వ్యక్తి 48 గంటల లోపు డ్రోన్ల కోసం ఉన్న డిజిటల్ స్కై అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ద్వారా డీజీసీఏకి తెలపాలి.

సమాచారం అందాక, 2,250 కిలోలకు మించిన విమానాలకు లేదా టర్బోజెట్ (ఒక రకం జెట్ ఇంజిన్) విమానాలకు జరిగిన ప్రమాదాలు, తీవ్ర ఘటనలపై ఏఏఐబీ దర్యాప్తుకు ఆదేశిస్తుంది. ఈ దర్యాప్తు ఉద్దేశం మరో ప్రమాదాన్ని నివారించడమే గానీ, తప్పు ఎవరిదో, పరిహారం ఎవరు కట్టాలో తేల్చడం కాదని నియమాల్లోనే రాసి ఉంది. కబురు పంపితే నేరం ఒప్పుకున్నట్లవుతుందని భయపడే సిబ్బంది ఈ మాటను గట్టిగా పట్టుకోవాలి. ప్రాథమిక నివేదికకు 30 రోజులు, తుది నివేదికకు 12 నెలలు అంతర్జాతీయంగా నిర్దేశించిన గడువులు. 2025 జూన్ 12 నాటి అహ్మదాబాద్ ప్రమాదంపై ప్రాథమిక నివేదిక జూలై 12న వెలువడింది.

వర్తమానం పంపిన తరువాత కూడా గాయపడినవారి పరిస్థితిని సంస్థలు కనిపెట్టుకుని ఉండాలి. ఘటన జరిగిన నాటి నుంచి 30 రోజుల లోపు గాయాల వల్ల ఎవరైనా మరణిస్తే అది ప్రమాద మృతిగానే లెక్కకు వస్తుంది కనుక, మొదట పంపిన సంఖ్యలను సరిచేస్తూ ఏఏఐబీకి మళ్లీ రాయాలి.