జీతం పదో తారీకుకే అయిపోతోందా? బట్టలు, క్రీములు, చిరుతిళ్ల ఖర్చు: సమస్య - పరిష్కారం

నల్లగొండలో పొదుపు సంఘాల లెక్కలు రాస్తాను. కిస్తీ ఆగిన ఇంటికి వెళ్లి కూర్చుని, వచ్చిన పైసలు ఎటు పోతున్నాయో చూసిపెట్టడం కూడా ఈ పనిలోకే వచ్చి చేరింది. నేను చూసిన చాలా ఇళ్లలో జీతం మరీ తక్కువేం కాదు. నెల పొడుగునా కొన్న చీరలు, లిప్‌స్టిక్‌లు, సాయంత్రం పూట బజ్జీలు, జ్యూసులే మిగలాల్సిన డబ్బును తినేస్తున్నాయి. కిరాయి, కిరాణం, ఫీజులు, చిట్టీ ముందే పక్కన పెట్టడం మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను. అవన్నీ పోగా చేతిలో ఉండాల్సింది ఉండటం లేదంటే కింద చెప్పిన వరుసలో చూసుకుంటూ రండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది

ఎవరైనా మొదట ఒట్టు పెట్టుకుంటారు. "ఈ నెల నుంచి ఒక్క చీర కూడా కొనను" అంటారు. ఆ ఒట్టు వారం నిలవదు. తర్వాత తమ మనసే గట్టిది కాదని కుమిలిపోతారు. దయచేసి ఆ పని చేయకండి. ఖర్చు ఏ దారిలో పోతోందో చూడకుండా దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు.

పేమెంట్ యాప్ తెరిచి, పోయిన జీతం పడ్డ రోజు నుంచి ఇవాళ్టి దాకా హిస్టరీ మొత్తం నోట్‌బుక్‌లో రాయండి. పది రూపాయల టీ కూడా వదలొద్దు. పాస్‌బుక్ చూస్తే చాలదు, ఎందుకో కింద చెప్తాను. ఆ తర్వాత బీరువా తెరిచి ట్యాగు తీయని బట్టలు, కుట్టించని బ్లౌజ్ పీసులు బయట పెట్టండి. మేకప్ సామానంతా ఒక టవల్ మీద పరచండి. దీనికంతటికీ గంట పడుతుంది. "అక్కా, నేను పెద్దగా ఏం కొనలేదు" అని నాతో అననివాళ్లు లేరు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే పెద్దవి కొనలేదు. కానీ నోట్‌బుక్‌లో రాసింది కూడితే ఐదారు వేలు కనబడుతుంది. ఈ గంట పని వదిలేసి నన్ను పరిష్కారం అడిగేవాళ్లే ఎక్కువ. ఇది చేయకుండా కింద రాసినవి ఏవీ పనికిరావు.

బీరువా నిండా ఉన్నా కట్టుకోవడానికి ఏమీ లేదనిపిస్తోంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: చీరలు ఉన్నాయి, బ్లౌజులు లేవు. 600 రూపాయలకు వచ్చిందని చీర తీసుకుంటాం. లైనింగ్, కుట్టుకూలి, ఫాల్, పీకో కలిపితే ఇంకో అంత అవుతుంది. ఆ డబ్బు ఆ నెల ఉండదు, చీర మడత పెట్టే ఉంటుంది. ఫంక్షన్ వచ్చేసరికి కట్టుకోవడానికి ఇంకో కొత్త చీర కావాల్సి వస్తుంది.

కొత్త చీర కొనే ముందు పాత చీర బ్లౌజు టైలర్ దగ్గరి నుంచి ఇంటికి రావాలి. ఈ ఒక్క నియమం పెట్టుకోండి. బతుకమ్మకు కట్టుకోవాల్సినవి వినాయక చవితి లోపే కుట్టడానికి ఇచ్చేయండి. పెత్రమాస (బతుకమ్మ మొదలయ్యే అమావాస్య) దగ్గర పడితే టైలర్లు కొత్త బట్ట తీసుకోరు, అప్పుడు రెడీమేడ్ బ్లౌజు కోసం మళ్లీ ఖర్చు. ఇక కొనాలనే ఉంటే ఊరికే తెప్పించుకునే మూడు నాలుగు సింథటిక్ చీరల డబ్బుతో ఒక నారాయణపేట కాటన్ చీర వస్తుంది. ఇటు పోచంపల్లి, పుట్టపాక, అటు గద్వాల, నారాయణపేట మన చుట్టూనే ఉన్నాయి. మగ్గం మీద నేసిన చీరను ఏళ్ల తరబడి కట్టుకుంటాం. అలాంటిది ఏడాదికి ఒకటి కొనుక్కోవడం దుబారా కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంట్లో ఉన్న క్రీమే మళ్లీ కొంటున్నారు

ఏం ఉందో గుర్తులేక కొంటున్నారు, అంతే. టవల్ మీద పరిచినప్పుడు ఒకే రంగు లిప్‌స్టిక్‌లు రెండు మూడు కనబడతాయి. డబ్బా వెనక మూత తెరిచిన సీసా బొమ్మ, దాని మీద 6ఎం, 12ఎం అని ఉంటుంది. తెరిచాక అన్ని నెలలు వాడొచ్చని దాని అర్థం. తెరిచిన తేదీ పెన్నుతో డబ్బా మీద రాయండి. అన్నీ ఒకే డబ్బాలో పెట్టండి, హ్యాండ్‌బ్యాగులో ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి వద్దు. ఒకటి అయిపోయాకే రెండోది.

పాస్‌బుక్‌లో ఏమీ లేదు, డబ్బు మాత్రం లేదు

దీని దగ్గర నిదానంగా చదవండి. లెక్క రాయడం బాగా వచ్చినవాళ్లను కూడా ఇదే మోసం చేస్తోంది.

మిర్యాలగూడ దగ్గర ఒక ప్రైవేటు బడిలో టీచరమ్మ పాస్‌బుక్ ప్రింట్ వేయించుకుని తెచ్చింది. అందులో బట్టల షాపు ఒక్కటే ఉంది, అదీ పండక్కి. బజ్జీ బండి లేదు, ఫ్యాన్సీ స్టోర్ లేదు. కానీ వెయ్యి, వెయ్యి అని ఒకే పేరు మీద మళ్లీ మళ్లీ పోయాయి. అవి ఎవరికో పంపినవేమో, ఏదో బిల్లేమో అనుకుని ఆమె వదిలేసింది. ఆ పేరు యూపీఐ లైట్.

యూపీఐ లైట్ 2022 సెప్టెంబర్‌లో వచ్చింది. చిన్న చెల్లింపులు ప్రతిసారీ బ్యాంకు దాకా వెళ్లకుండా ఫోన్‌లోనే కొంత డబ్బు వేసి పెట్టుకునే ఏర్పాటు ఇది. మొదట్లో ఒక్కోసారి 200 రూపాయల దాకానే పంపే వీలుండేది. తర్వాత 500 చేశారు, 2024 డిసెంబర్ నుంచి ఒక్కోసారి వెయ్యి దాకా పంపొచ్చు, మొత్తం 5,000 దాకా అందులో ఉంచుకోవచ్చు. పిన్ అడగదు. బ్యాంకు పాస్‌బుక్‌లో కనబడేది మీరు లైట్‌లోకి వేసిన మొత్తం ఒక్కటే. దాంట్లోంచి ఎవరికి ఎంత ఇచ్చారో యాప్ హిస్టరీలోనే ఉంటుంది.

టీ బండి దగ్గర ఇది మంచి సౌకర్యం, కాదనను. తంటా అంతా ఆటో టాప్-అప్‌తో వచ్చింది. 2024 అక్టోబర్ ఆఖరు నుంచి, లైట్‌లో డబ్బు మనం పెట్టుకున్న హద్దు కన్నా తగ్గగానే ఖాతా నుంచి దానంతటదే మళ్లీ నిండేలా చేసుకోవచ్చు. యాప్ ఎప్పుడో అడిగితే సరే అని నొక్కి ఉంటారు, ఆ సంగతి గుర్తుండదు. ఇక చూడండి. గడియారం సెంటర్ దగ్గర పానీపూరీ 40, పక్కన ఫ్యాన్సీ స్టోర్‌లో క్లిప్పులు, నెయిల్ పాలిష్ 150, బస్టాండులో జ్యూస్ 50. ఇంతకు ముందు పిన్ కొట్టేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగేది. లైట్‌లో డబ్బు అయిపోతే కొనడం దానంతటదే ఆగిపోయేది. ఇప్పుడు ఆ రెండూ లేవు. నెల చివర పాస్‌బుక్ చూస్తే ఖర్చు చేసినట్టే ఉండదు. అందుకే "నేనేం కొనలేదు" అని అంత నమ్మకంగా అంటారు. పిల్లలకు ఫోన్ లాక్ తెలిస్తే వాళ్ల ఐస్‌క్రీములు కూడా ఇందులోంచే పోవచ్చు.

ఇదే కారణమో కాదో తేల్చుకోవడానికి యాప్‌లో యూపీఐ లైట్ అన్న చోటికి వెళ్లండి. ఎన్నిసార్లు నిండిందో లెక్కపెట్టండి. రెండు యాప్‌లు వాడితే రెండింటిలోనూ చూడండి, ఒకటి చూసి ఊరుకునేవాళ్లే ఎక్కువ. తర్వాత లైట్ హిస్టరీ నుంచి బట్టలు, మేకప్, తిండి విడివిడిగా కూడండి. రోజుకు 70 రూపాయలే అనుకున్నా నెలకు 2,100, ఏడాదికి పాతిక వేలు దాటుతుంది.

పరిష్కారంలో మొదటి పని ఆటో టాప్-అప్ తీసేయడం. వెయ్యి ఉన్నదాన్ని ఐదొందలకు తగ్గించడం కాదు, పూర్తిగా తీసేయాలి. మెనూ పేరు ఒక్కో యాప్‌లో ఒక్కోలా ఉంటుంది, కానీ లైట్ సెట్టింగ్స్‌లోనే దొరుకుతుంది. లైట్‌నే మూసేస్తే అందులో మిగిలింది మీ ఖాతాకే తిరిగి వస్తుంది. నేను మాత్రం మూసేయమని చెప్పను. పూర్తిగా మూసినవాళ్లు కొన్నాళ్లు ఓపిక పట్టి, ఒక ఆదివారం ఒక్కసారే పెద్ద మొత్తం ఖర్చు పెట్టేయడం చాలాసార్లు చూశాను. ప్రతి ఆదివారం మీ చేత్తో మీరే అందులో ఒక మొత్తం వేయండి. 300 అయినా సరే, 500 అయినా సరే, మీ ఇంటికి తగ్గట్టు. అది అయిపోతే మళ్లీ ఆదివారం దాకా లేదు. స్నేహితురాలితో టీ తాగితే తప్పు చేసినట్టు బాధపడొద్దు, ఆ డబ్బు దానికోసమే పెట్టుకున్నారు.

రెండో పని చాలామంది వదిలేస్తారు, అందుకే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తారు. జీతం పడే ఖాతా యాప్‌కు తగిలించి ఉంటే, లైట్ ఖాళీ అయినప్పుడు పిన్ కొట్టి నేరుగా జీతంలోంచి ఇచ్చేస్తారు. కనీస నిల్వ అక్కర్లేని ఇంకో పొదుపు ఖాతా తీసుకుని యాప్‌కు అదే కలపండి. జీతం ఖాతాను యాప్ నుంచి తీసేయండి. నెలకోసారి జీతంలోంచి ఆ ఖాతాకు కొంత మార్చుకోండి. జాతరలకు, చెర్వుగట్టుకైనా కురుమూర్తికైనా, నోట్లు పట్టుకుని వెళ్లండి.

నెల తర్వాత పాస్‌బుక్‌లో లైట్ పేరు మీద నాలుగైదు ఎంట్రీలకు మించి ఉంటే ఆటో టాప్-అప్ ఇంకా ఎక్కడో ఉందని అర్థం. రెండో యాప్ మళ్లీ చూడండి.

ఇంటికి వచ్చే దారిలోనే ఖర్చు

పగలంతా బాగానే ఉంటారు, సాయంత్రం బస్టాండులో వందో నూట యాభయ్యో పోతాయి. ఇక్కడ మనసును అనుమానించకండి, కడుపును చూడండి. పన్నెండున్నరకు తిన్న అన్నంతో సాయంత్రం ఆరింటి దాకా ఎవరు ఉండగలరు? దేవరకొండ బస్సు కోసం నిలబడ్డవాళ్లకు బజ్జీల వాసన వస్తే కొనకుండా ఉండమనడం అన్యాయం. బ్యాగులో వేయించిన పల్లీలో, సర్వపిండి ముక్కో పెట్టుకుని నాలుగున్నరకే తినేయండి. ఇది పనిచేసినంత బాగా ఏ ఒట్టూ పనిచేయదు.

రాత్రి పది దాటాక ఆర్డర్లు

199 రూపాయల కాజల్ కోసం తెరిచి, డెలివరీ ఫ్రీ కావాలని 499 చేసేస్తారు. డెలివరీ చార్జీ 40 అయితే ఆ 40 కట్టడమే లాభం, లెక్క వేసి చూడండి. నోటిఫికేషన్లు ఆపేయండి. నచ్చింది విష్‌లిస్ట్‌లో పెట్టి వచ్చే జీతం రోజు మళ్లీ చూడండి, సగం తీసేయాలనిపిస్తుంది. వాపసు ఇచ్చినప్పుడు డబ్బు బ్యాంకు ఖాతాకే రావాలని ఎంచుకోండి. ఆ యాప్ వాలెట్‌లోకి వస్తే అది మళ్లీ అక్కడే ఖర్చవుతుంది.

ఐదో తారీకున జీతంలోంచి గుర్తులేని డబ్బు కట్ అవుతోంది

అది పే లేటర్ (ఇప్పుడు కొని తర్వాత కట్టే యాప్ అప్పు), లేదా క్రెడిట్ కార్డు. పోయిన నెల చీరకు ఈ నెల జీతం కడుతోంది. కనీస మొత్తం కట్టి ఊరుకుంటే మిగిలినదాని మీద వడ్డీ పడుతూనే ఉంటుంది. ఒక నెల ఇబ్బంది పడైనా మొత్తం కట్టేసి, పే లేటర్ మూసేయండి. ఉద్దెర ఖాతా కిరాణా కొట్టులో ఒక్కటి చాలు.

అరుదైనవి

ఎప్పుడో ట్రై చేసిన యాప్‌కు ఆటోపే (గడువు రాగానే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) ఉండిపోవచ్చు, పేమెంట్ యాప్‌లో ఆటోపే లిస్టు చూసి తీసేయండి. మీరు చేయని చెల్లింపు కనబడితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. నిద్ర లేకుండా రోజుల తరబడి హుషారుగా ఉంటూ చేతికొచ్చినంత ఖర్చు పెడుతున్నవాళ్లు ఇంట్లో ఉంటే అది లెక్కలతో తేలే విషయం కాదు. మానసిక వైద్యుడికి చూపించండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసినా మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.