చైనీస్ షార్ట్ కోర్సుకి అప్లై చేసేముందు

• పాస్‌పోర్ట్ గడువు చూసుకోండి. ఆరు నెలల్లోపే ఉంటే ముందు వైజాగ్ మర్రిపాలెం పాస్‌పోర్ట్ ఆఫీసు పని, తర్వాతే ఫారం.

• అసలు చిక్కంతా ఇంటిపేరుతోనే. టెన్త్ మెమోలో పేరు ఒకలా, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో ఇంకోలా ఉంటుంది మనవాళ్లకి. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. అడ్మిషన్ లెటర్ అలాగే వస్తుంది, వీసా దగ్గర చూసేదీ అదే.

• బీజింగ్ అయితే సరళ లిపి, తైపే అయితే సంప్రదాయ లిపి. ముందే తేల్చుకోండి.

• చైనాలో 180 రోజుల్లోపు చదువుకి ఎక్స్2 వీసా. వైజాగ్‌లో చైనా కాన్సులేట్ లేదు, ప్రయాణం రోజులు కలుపుకోండి.

• జీమెయిల్ చైనాలో మామూలుగా తెరుచుకోదు. ఇంకో మెయిల్ ఐడీ కూడా ఉంచుకోండి.

• "సీటు గ్యారంటీ" అనే ఏజెంటుకి దణ్ణం పెట్టి వచ్చేయండి. ఫీజు నేరుగా యూనివర్సిటీకే కట్టండి.