ఆర్‌వీ ప్రయాణంలో లోకల్ ఛానళ్లా, డిస్టెంట్ ఛానళ్లా?

అమెరికాలో శాటిలైట్ టీవీ పెట్టుకునేవారు ఇంట్లోనే ఉంటే లోకల్ స్టేషన్లే (మీ ప్రాంతపు టీవీ స్టేషన్లే) తీసుకోండి. 2019లో వచ్చిన శాటిలైట్ టీవీ చట్టం తర్వాత న్యూయార్క్, లాస్ ఏంజిలస్ లాంటి చోట్ల నుంచి వచ్చే డిస్టెంట్ ఛానళ్లు ముఖ్యంగా ఆర్‌వీలకు (లోపలే ఉండి ప్రయాణించే ఇల్లులాంటి వాహనాలకు), ట్రక్కులకు, ఏబీసీ, సీబీఎస్ లాంటి ఏదైనా ప్రధాన నెట్‌వర్క్ స్టేషన్ లేని మార్కెట్లకే (టీవీ ప్రాంతాలకే) మిగిలాయి.

ఆర్‌వీ సంగతి వేరు. లోకల్స్‌ని ఎక్కువగా స్పాట్ బీమ్‌లో, అంటే ఒక చిన్న ప్రాంతం మీదే పడే శాటిలైట్ సిగ్నల్‌లో పంపుతారు. ఆ పరిధి దాటితే మిగతా ఛానళ్లన్నీ చక్కగా వస్తూ లోకల్స్ ఒక్కటే పోతాయి. అప్పుడు డిష్‌ని అటూ ఇటూ తిప్పకండి, లోపం అందులో లేదు. ఒకేచోట వారాలు ఆగితే కంపెనీకి ఫోన్ చేసి సర్వీస్ అడ్రస్ (కంపెనీ దగ్గర నమోదైన మీ చిరునామా) మార్పించుకోండి. తరచూ కదిలేవారికి డిస్టెంటే నయం. అందుకు సంతకం చేసిన డిక్లరేషన్, వాహన రిజిస్ట్రేషన్ కాపీ ఇవ్వాలి.

రికార్డింగ్ టైమర్ పెట్టేటప్పుడు జాగ్రత్త: న్యూయార్క్ డిస్టెంట్ ఛానల్లో అక్కడి రాత్రి 8కి వచ్చే కార్యక్రమం పసిఫిక్ తీరంలో ఉన్న మీకు సాయంత్రం 5కే వచ్చేస్తుంది.

డిస్టెంట్‌లో మీరున్న చోటి టోర్నడో హెచ్చరికలు రావు. ఇది చిన్న విషయం కాదు. అక్కడి లోకల్ స్టేషన్లు నేరుగా అందేలా పైకప్పు మీద మామూలు యాంటెన్నా తప్పక ఉంచుకుని, ఆగిన ప్రతిచోటా ఛానళ్లు మళ్లీ స్కాన్ చేయండి.