అరబ్ తిరుగుబాట్ల తర్వాతి ఎన్నికల ఫలితాలను ఎలా చదవాలి?

2011లో అరబ్ ప్రజలు తిరగబడి నియంతలను దించిన దేశాల్లో ఇస్లామిస్టు పార్టీలు, అంటే ఇస్లాం సూత్రాల ప్రకారం పాలన ఉండాలనే పార్టీలు, ఎలా గెలిచాయని రాజనీతి శాస్త్రం క్లాసులో పిల్లలు నన్ను అడుగుతుంటారు. నేను వెంటనే జవాబు చెప్పను. ఫలితాల పట్టికలు వాళ్ల ముందు పెడతాను. మీరూ అక్కడే మొదలుపెట్టండి. ‘అరబ్బులు మతానికి ఓటేశారు’ అన్న మాటను అంతవరకూ నమ్మకండి.

ముందు ఈజిప్టు, అందులోనూ 2012 అధ్యక్ష ఎన్నిక చూడండి. ఇస్లామిస్టు సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్ అభ్యర్థి మహమ్మద్ మోర్సీకి 51.7 శాతం వచ్చిందని చదివి చాలామంది ఆగిపోతారు. అది రెండో రౌండ్ లెక్క. తొలి రౌండ్‌లో ఆయనకు వచ్చింది 25 శాతం లోపే. ప్రజలు దించిన నియంత ముబారక్ చివరి ప్రధాని అహ్మద్ షఫీక్‌కు 24 శాతానికి కాస్త తక్కువ, మాజీ అధ్యక్షుడు నాసర్ జాతీయవాద బాటను నమ్మే హమ్దీన్ సబాహీకి 21 శాతానికి కాస్త తక్కువ వచ్చాయి. చివరికి పోటీ మోర్సీ, షఫీక్‌ల మధ్య మిగిలింది. పాత పాలన తిరిగి రాకూడదనుకున్న వాళ్లకు ఇంకో దారి లేదు. అందుకే మోర్సీకి కొత్తగా చేరిన ఓట్లన్నీ బ్రదర్‌హుడ్‌వని నేను ఒప్పుకోను.

ఇప్పుడు కొన్ని నెలలు వెనక్కి వెళ్లి పార్లమెంటు ఎన్నికలు చూడండి. పార్టీల జాబితాలకు పడిన ఓట్లలో బ్రదర్‌హుడ్ కూటమికి 37 శాతం పైన, మరింత ఛాందస ఇస్లామిస్టులైన సలఫీల నూర్ పార్టీ కూటమికి దాదాపు 28 శాతం వచ్చాయి. ఈ రెండింటినీ కలిపి ఒకే పేరు కింద రాయకండి. 2013 జులై 3న సైన్యం మోర్సీని దించినప్పుడు నూర్ పార్టీ సైన్యం పక్షాన నిలిచింది.

ఓట్ల పక్కనే ఆ పార్టీ వయసు రాసుకోండి. బ్రదర్‌హుడ్ 1928లో పుట్టింది. నిషేధంలో ఉండగానే 2005లో స్వతంత్రుల పేరుతో 88 స్థానాలు గెలిచింది. వైద్యశాలలు, సేవా సంఘాల ద్వారా అప్పట్లో ఊరూరా దానికి మనుషులుండేవారు. తిరుగుబాటులో కైరోలోని తహ్రీర్ కూడలిని నింపిన యువతకు ధైర్యం ఉండేది కానీ పోలింగ్ కేంద్రం దగ్గర నిలబడే కార్యకర్తలు లేరు. నా దృష్టిలో ఫలితాన్ని అన్నిటికంటే ఎక్కువగా వివరించేది ఇదే.

ట్యునీషియాకు వేరే కాగితం తీసుకోండి. 2011 అక్టోబరులో 217 స్థానాల రాజ్యాంగ సభలో ఇస్లామిస్టు పార్టీ ఎన్నహ్దాకు 89 వచ్చాయి. మెజారిటీ లేదు కాబట్టి రెండు లౌకిక పార్టీలతో కలిసి పాలించింది. 2013లో ఇద్దరు ప్రతిపక్ష నేతల హత్యలతో దేశం అట్టుడికినప్పుడు కార్మిక సంఘం యూజీటీటీ ముందుకొచ్చి చర్చలు నడిపింది. 2014 జనవరిలో ఎన్నహ్దాకు చెందిన ప్రధాని పదవి వదులుకున్నారు, అదే నెలలో కొత్త రాజ్యాంగం ఆమోదం పొందింది. ఇస్లామిస్టులు గెలిస్తే ఎప్పటికీ దిగరని వాదించేవాళ్లకు నేను ఈ కాగితమే చూపిస్తాను.

లిబియాను వదిలేయకండి. 2012లో పార్టీలకు కేటాయించిన 80 స్థానాల్లో బ్రదర్‌హుడ్‌కు దగ్గరి పార్టీకి 17, దాని ప్రత్యర్థి కూటమికి 39 వచ్చాయి.

అన్ని దేశాల పట్టికల్లోనూ చివరి గడి ఒకటే: గెలిచాక చేతికి ఏ అధికారం వచ్చింది? ఈజిప్టులో ఎన్నికైన దిగువ సభను కోర్టు కొన్ని నెలలకే రద్దు చేసింది. 2013 ఆగస్టు 14న కైరోలోని రబా కూడలిలో భద్రతా దళాలు వందల మంది మోర్సీ మద్దతుదారులను చంపాయి. ఈ గడిని ఖాళీగా వదిలితే మిగతా అంకెలన్నీ అబద్ధం చెబుతాయి. రాజు పాలన కొనసాగిన మొరాకోలోనూ ఇదే గడి చూడండి. అక్కడ ఇస్లామిస్టు పార్టీ అయిన జస్టిస్ అండ్ డెవలప్‌మెంట్ పార్టీ 395 స్థానాల్లో 2011లో 107, 2016లో 125, 2021లో 13 గెలిచింది. ఆ పతనానికి కారణం వెతికే ముందు రాజు చేతిలో ఏ అధికారాలున్నాయో, ప్రధాని చేతిలో ఏవి ఉన్నాయో విడివిడిగా రాసుకోండి.