నోటిమాట మీద నడవకండి: ప్రభుత్వ శాఖలతో పనిచేసే కన్సల్టెంట్లకు బడ్జెట్ ఏడాది చివరి జాగ్రత్తలు

ఆస్ట్రేలియాలో ఉపాధి శాఖకు కన్సల్టింగ్ సంస్థ డెలాయిట్ ఇచ్చిన నివేదిక సంగతి చదివే ఉంటారు. నిరుద్యోగ భృతి తీసుకునేవాళ్లపై ఆంక్షలు విధించే వ్యవస్థను పరిశీలించిన ఆ పని విలువ సుమారు 4,40,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. అందులో ఉదహరించిన పరిశోధనల్లో కొన్ని అసలు లేనే లేవు. కోర్టు తీర్పులోదంటూ ఇచ్చిన వాక్యం ఆ తీర్పులో లేదు. ఒక విశ్వవిద్యాలయ పరిశోధకుడు దాన్ని బయటపెట్టాక సవరించిన ప్రతి వచ్చింది. కృత్రిమ మేధను వాడామన్న మాట ఆ ప్రతిలో కనిపించింది. 2025 అక్టోబరులో సంస్థ కొంత సొమ్ము వాపసు ఇస్తానని ఒప్పుకుంది.

యంత్రం రాసినదాన్ని సరిచూసుకోమని ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఒప్పందం చదవమని, గడువు తప్పవద్దని కూడా చెప్పను. నన్ను కలవరపెట్టేది వేరు. శాఖకు ముందే తెలియాల్సిన మాట ముందు కాగితం మీద లేదు, గొడవయ్యాక వచ్చింది. మన వృత్తిలో మనుషులు మునిగిపోవడం నేను చూసినప్పుడల్లా కారణం దాదాపు ఇదే. బడ్జెట్ ఏడాది ముగిసే వారాల్లో ఇది మరీ ఎక్కువ. ఖర్చు కాని నిధులు వెనక్కి పోతాయన్న భయంతో శాఖలో అందరూ తొందరపడతారు, ఫైలు కన్నా ఫోను వేగంగా నడుస్తుంది.

మొదట, పని పరిధి గురించి.

సమీక్షా సమావేశంలో పెద్ద అధికారి అంటారు: "ఆ మూడో భాగం ఇప్పుడు వద్దులెండి, మిగతాది కానివ్వండి." మీరు "సరే సార్" అంటారు. మినిట్స్‌లో ఆ మాట ఉండదు. కొన్నాళ్లకు ఆయన బదిలీ అవుతారు. ఆడిట్ వచ్చి ఒప్పందంలో మూడో భాగం ఉంది, పని ఎక్కడ అని అడుగుతుంది. కొత్త అధికారి ఫైలు చూస్తారు, అందులో ఏమీ లేదు. పాతాయనకు ఫోను చేస్తే గుర్తులేదంటారు. అబద్ధం కాకపోవచ్చు, ఆయన రోజుకు అలాంటి మాటలు ఎన్నో అంటారు.

కాబట్టి ఆ రోజే, సమావేశం నుంచి బయటికి రాగానే, ఐదారు వాక్యాలు రాయండి. ఎవరు ఏమన్నారు, దానివల్ల పనిలో ఏది మారుతుంది, గడువు మీద, ఖర్చు మీద ప్రభావం ఏమిటి, ఎవరి ఆమోదం కావాలి. నింద వేసినట్టు ఉండకూడదు. చివర "జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే భావిస్తాం" అని రాసి నిశ్చింతగా ఉండేవాళ్లను చూశాను. ఆ వాక్యం మిమ్మల్ని కాపాడదు. ప్రభుత్వంలో మౌనం అంగీకారం కాదు. పైగా మీతో మాట్లాడిన అధికారికి ఒప్పందం మార్చే అధికారమే ఉండకపోవచ్చు. ఆ అధికారం ఉన్నవారి నుంచి సవరణ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా పాత పరిధే పరిధి.

రెండోది, చెడు వార్తలు.

ఆస్ట్రేలియాలోనే రోబోడెట్ వ్యవహారం ఉంది. ఏడాది ఆదాయాన్ని సగటు చేసి, భృతి తీసుకున్నవాళ్లు బాకీ పడ్డారని యంత్రం లెక్క తేల్చిన పథకం అది. చట్టవిరుద్ధమని తేలింది. ఆ పథకం నడకను పరిశీలించడానికి 2017లో పీడబ్ల్యూసీ అనే కన్సల్టింగ్ సంస్థను పెట్టుకున్నారు, లక్షల డాలర్లు చెల్లించారు, తుది నివేదిక మాత్రం అందనే లేదు. 2023లో ఆ పథకంపై విచారణ జరిపిన ప్రభుత్వ సంఘం, రాయల్ కమిషన్, ముందు ఆ సంస్థవాళ్లు అది ఎందుకు ఆగిందో సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. స్లైడ్లు చూపించాం, నోటితో చెప్పాం అంటే అక్కడ చెల్లదు.

దీనికి ఎదురు ఉదాహరణ అమెరికాలో ఆరోగ్య బీమా వెబ్‌సైటు హెల్త్‌కేర్ డాట్ గవ్. 2013 అక్టోబరు 1న తెరిస్తే మొదటి రోజు పూర్తిగా నమోదైనవాళ్లు ఆరుగురు. అయితే ఆ ఏడాది వసంతకాలంలోనే కన్సల్టింగ్ సంస్థ మెకిన్సీ తన సమీక్షలో పరీక్షలకు తగిన సమయం లేదని, పని ముగియకుండానే తెరిచే ప్రమాదం ఉందని రాసి ఇచ్చింది. ప్రాజెక్టు కూలడాన్ని ఆ రాత ఆపలేదు. కానీ తర్వాత చట్టసభ విచారించినప్పుడు ఎవరికి ఎప్పుడు ఏం తెలుసో చూపించింది.

రాత శాఖవాళ్లకు శత్రుచర్య అనుకునేవాళ్లు ఆ భవనాల లోపలి సంగతి తెలియనివాళ్లు. కింది స్థాయిలో ఉన్న నిజాయతీపరుడైన అధికారికి, పైవారికి "ఇది కుదరదు సార్" అని తన నోటితో చెప్పే ధైర్యం ఉండదు. మీరిచ్చిన ఒక పేజీ ఫైలులో చేరితే ఆయన దాన్ని చూపించి మాట్లాడగలడు. భాగస్వామి అంటే నా లెక్కలో ఆయనకు ఆ పేజీ ఇచ్చేవాడు. ప్రతిదానికీ తలూపి, బిల్లు పాసయ్యాక మాయమయ్యేవాడు గుమాస్తాకు కూడా సాటి రాడు.

ఇక మిగతావి గబగబా చెబుతాను.

"ఇది నివేదికలో పెట్టకండి, నేను పైవాళ్లతో మాట్లాడతాను" అంటే, పెట్టండి. భాష మెత్తబరచవచ్చు, విషయం తీసేయకూడదు.

ముసాయిదాలన్నీ తేదీలతో దాచండి. ఏ మార్పు ఎవరు అడిగారో పక్కనే ఉండాలి.

పని పూర్తి కాకుండా పూర్తయినట్టు ధ్రువీకరణ ఇవ్వకండి. ఏడాది ఆఖరి రోజైనా సరే.

గంటల లెక్క, మనుషుల లెక్క ఏ రోజుది ఆ రోజే రాయండి. కెనడాలో కోవిడ్ కాలంలో సరిహద్దు దాటే ప్రయాణికుల కోసం ప్రభుత్వం తెచ్చిన అరైవ్‌క్యాన్ యాప్ ఖర్చు సుమారు 5.95 కోట్ల కెనడా డాలర్లని 2024లో ఆడిటర్ జనరల్ అంచనా వేశారు. అంచనాయే, ఎందుకంటే అసలు ఖర్చు తేల్చడానికి తగిన రికార్డులు లేవు.

శాఖలో విన్నది ఇంకో ఖాతాదారుకు చేరకూడదు. పీడబ్ల్యూసీ ఆస్ట్రేలియాలో ప్రభుత్వ పన్ను రహస్యాలు అలా బయటికి వెళ్లాయి. 2023లో ఆ సంస్థ తన ప్రభుత్వ కన్సల్టింగ్ విభాగాన్ని ఒక్క డాలరుకు అమ్ముకుంది.

అదే రంగంలో మరొకరికి పనిచేస్తుంటే ముందే చెప్పండి. రాతలో.

శాఖ ఉద్యోగి చేయాల్సిన నిర్ణయం మీరు చేయకండి. ఆయన తరఫున నోట్ రాసి సంతకం పెట్టమనకండి.

మీరు వెళ్లిపోయాక మీరు తయారుచేసిన లెక్కల పట్టిక నడపగలవాళ్లు శాఖలో ఇద్దరైనా ఉండాలి. ఒక్కరైతే బదిలీతో పోతుంది.

పాస్‌వర్డులు, డేటా, ఫార్ములాలు అప్పగించి రసీదు తీసుకోండి.

కృత్రిమ మేధను ఎక్కడ వాడారో మొదటి ప్రతిలోనే చెప్పండి.

వాట్సాప్‌లో వచ్చిన ఆదేశాన్ని ఆ రోజే అధికారిక మెయిల్‌లోకి తెచ్చి నిర్ధారణ అడగండి.

అధికారి బదిలీ అవుతున్నారని తెలిస్తే వీడ్కోలు సభకు ముందే వెళ్లి, నోటిమాట మీద ఆగివున్న విషయాల జాబితా ఇచ్చి, ప్రతిదాని పక్కనా ఆయన చేత రాయించుకోండి. రాయనంటే ఆ విషయం మీద పని ఆ రోజే ఆపి, ఆపినట్టు మెయిల్ పెట్టండి.