మామిడి పూత, కాయ చెడుతోందా? కృత్రిమ రసాయన శిలీంధ్ర నాశినులు లేకుండా సమస్య - పరిష్కారం

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు సంక్రాంతి దాటాక పూత మీద ఏ మచ్చ కనబడినా నేరుగా మందుల దుకాణానికే వెళ్తారు. దానికంటే ముందు పూతనీ ఆకునీ వేలితో తుడిచి చూడండి.

వేలికి తెల్లటి పొడి అంటింది, పూత రాలుతోంది

బూడిద తెగులు. పగలు ఎండ, రాత్రి చలి, తెల్లారి మంచు ఉంటే చాలు, దీనికి వాన అక్కర్లేదు. వంశధార పక్క తోటల్లో జనవరి, ఫిబ్రవరి అచ్చంగా ఇలాగే ఉంటాయి.

నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి పూమొగ్గ తొడిగేటప్పుడు ఒకసారి, పిందె కట్టాక మరోసారి కొట్టండి. సేంద్రియ సాగులోనూ దీనికి అనుమతి ఉంది. పూత పూర్తిగా విచ్చినప్పుడు మాత్రం వద్దు, తేనెటీగలు తిరిగే సమయమది. ఎండ 35 డిగ్రీలు దాటిన రోజు కొట్టినా, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు కొట్టినా ఆకు మాడుతుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

పుల్ల మజ్జిగ 100 లీటర్ల నీటికి 6 లీటర్లు కలపవచ్చు. గుడ్డతో వడకట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది. ఇది తెగులు రాకముందు వేసే కాపలా, ముదిరాక దీన్ని నమ్ముకోవద్దు. ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్ల పిచికారీ గుమ్మడి పాదుల బూడిదకు బాగుంటుంది గానీ, నిండు మామిడి చెట్టుకు అన్ని పాలు ఎవరు పోస్తారు?

నల్లటి మసి అంటింది, ఆకు జిగటగా ఉంది

ఇక్కడ శిలీంధ్ర నాశిని కొనడం డబ్బు దండగ. తేనెమంచు పురుగులు విసర్జించే తీపి జిగురు మీద బూజు పెరుగుతుంది, ఆకు లోపలికి దిగదు. పురుగు పోతే మసి ఆగుతుంది. వేపనూనె లీటరుకు 5 మి.లీ., కాస్త సబ్బునీటిలో గిలకొట్టి, సాయంత్రం పూత కాండాలతో పాటు మాను బెరడు పగుళ్లు కూడా తడిసేలా కొట్టాలి. పురుగు దాక్కునేది ఆ పగుళ్లలోనే. ఉన్న మసికి గంజి: కిలో మైదా 5 లీటర్ల నీటిలో ఉడికించి, చల్లార్చి, 20 లీటర్లు చేసి, మబ్బు లేని రోజు కొట్టండి. ఎండాక పెచ్చులుగా రాలి, మసిని వెంట తీసుకుపోతుంది.

ఏమీ అంటలేదు, మచ్చ మాత్రం పోవడం లేదు

మచ్చ తెగులు. ఆకుల్లో చిల్లులు, కొమ్మల చివర ఎండు ఉంటాయి. కోసినప్పుడు బాగున్న కాయ మగ్గేసరికి నల్లబడుతుంది, ఎందుకంటే తెగులు పిందెలోనే చేరి నిద్రపోతుంది. కోత అయ్యాక ఎండుకొమ్మల్ని కొంత పచ్చి భాగంతో కలిపి కోసి కాల్చండి. కోసిన చోట బోర్డో పేస్టు పూయండి (మైలుతుత్తం 1 కిలో, సున్నం 1 కిలో, నీరు 10 లీటర్లు, ఇనుప పాత్ర వాడొద్దు). పూతకు ముందు, పిందె దశలో సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ (తెగులును అణిచే మేలుచేసే బ్యాక్టీరియా) పొడి లీటరుకు 10 గ్రాములు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి.

కోసిన కాయను 52 డిగ్రీల నీటిలో 10 నిమిషాలు ముంచి, చల్లార్చి, ఆరబెట్టండి. థర్మామీటరు తప్పనిసరి. వేడి కాస్త పెరిగినా తొక్క ఉడికిపోతుంది, తగ్గితే తెగులు చావదు.

సూడోమోనాస్‌ను గంధకంతో గానీ మైలుతుత్తంతో గానీ ఒకే ట్యాంకులో కలపకండి. అది బతికున్న సూక్ష్మజీవి, చచ్చిపోతుంది. మధ్యలో కనీసం పది రోజుల ఎడం ఉంచండి.